ఛైర్మన్ గారి ఆనందబాష్పాలు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా తోటికోడలు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీసే పని సగంలో వదిలేసి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, తుమ్ముకుంటూ వచ్చింది. మా వైపు మంచి కబురైనా చెడ్డ కబురైనా తుమ్ముతూనే వస్తుంది. అందుకని తుమ్ముని శకునంగా చూసే అలవాటు మాకు లేదు.

"అక్కా, సినిమా తీస్తన్నారంట! మన కుస్తీ వాళ్ళ మీద. నిజంగా జరిగిన కథంట."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "దేవుడికి స్తోత్రం. ఇన్నాళ్ళకి వస్తాదు గారిని ఎవరో గుర్తుపట్టారన్నమాట."

"నీ పిచ్చి గాని, వస్తాదు మీద ఎవరు తీస్తారక్కా! ఛైర్మన్ గారి మీద. ఆయన జీవిత చరిత్రంట. అందులో బావగారిని ఎత్తి పడేస్తాడంట."

"ఎవరు?"

"ఛైర్మన్ గారే!"

పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఆ పూట మా ఇంట్లో అందరూ ఆ పప్పే తిన్నారు, ఒక్కరూ వంక పెట్టలేదు. అందుకు ఈ రోజుకీ నేను కృతజ్ఞురాలిని.

వస్తాదు గారు చీరాలలో మగ్గం నేసేవారు. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గానికి పని లేకుండా పోయాక, ప్రత్తిపాడు పక్కన ఉన్న మా ఊరు వచ్చి, మూతపడ్డ పత్తి మిల్లు వెనక రేకుల షెడ్డులో కుస్తీ నేర్పే తాలింఖానా పెట్టారు. మనిషి సన్నగా, పడుగు పోగులా ఉంటారు. కొత్తవాళ్ళు షెడ్డుకు వచ్చి ఆయన్నే "వస్తాదు గారు ఎక్కడున్నారు తాతా?" అని అడిగేవారు. గోదాలోకి మెత్తటి మట్టి తెప్పించి, పాత చీరలో జల్లించి, మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె, వేపాకు పొడి కలిపి చేత్తో పదును చేసేవారు. "చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు పెడతారేంటండీ మట్టికి?" అని నేనంటే, "వాళ్ళు పడేది దీని మీదే కదమ్మా" అనేవారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. గోదాలోకి దిగేముందు శిష్యుడు చేయి చాచాలి. వస్తాదు పిడికెడు మట్టి తీసి ఆ చేతిలో పోస్తారు. అది గుండెకు రాసుకుని దిగాలి. మేము ప్రభువు మందిరానికి వెళ్ళేవాళ్ళం, మనుషుల కాళ్ళకు మొక్కం. కాళ్ళు పట్టుకోకుండా గురువుని గౌరవించే దారి ఒకటుందని తెలిశాకే, మా అత్తగారు మా ఆయన్ని కుస్తీకి పంపడానికి ఒప్పుకున్నారు. మా ఆయన ఆ చేతి మట్టి రాసుకుని దిగి గెలవని తిరనాళ్ళు ఈ చుట్టుపక్కల తక్కువ.

ఇక ఛైర్మన్ గారు. కోల్డ్ స్టోరేజీ ఆయనదే. ఆయన చేసిన మేళ్ళు నేను మరచిపోలేను, మరచిపోనివ్వరు కూడా. కుస్తీ వాళ్ళందరికీ తన బొమ్మ వేసిన బనియన్లు ఇచ్చారు. కుస్తీకి చొక్కా విప్పాలి కాబట్టి, ఆ బొమ్మలన్నీ గోదా పక్కన మేకులకు వేలాడుతూ, ఎవరు ఎవరిని పడేస్తున్నారో చూస్తూ ఉండేవి. తన బొమ్మ అంటించిన డబ్బాల్లో బాదంపప్పు ఇచ్చారు. మా ఆయనకు కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర కూర్చునే ఉద్యోగం ఇచ్చారు. చివరికి షెడ్డులో నుంచి తాలింఖానాని కోల్డ్ స్టోరేజీ వెనక్కి మార్చి, పెద్ద హాలు కట్టించి, దానికి ఆర్చి పెట్టించారు. ఆర్చి మీద ఆయనే, లంగోటీతో, కండలతో. తల ఆయనది. మిగతా శరీరం ఎవరిదో గాని, ఆ మనిషి బాగా కష్టపడ్డాడు.

ఆ హాలు కట్టింది పాత మిరప కల్లం మీద. ఏళ్ళ తరబడి అక్కడ కాయలు ఎండాయి. గోదా తవ్విన మొదటి రోజే వస్తాదు గారు ఆ మట్టి వాసన చూసి, తుమ్మి, మొత్తం తీయించి మూలన పోయించారు. పాత షెడ్డులోని మట్టిని గంపల కొద్దీ మోయించి గుంట నింపారు.

అప్పుడప్పుడు ఛైర్మన్ గారు కూడా గోదాలోకి దిగేవారు. ఆయన దిగిన రోజున మా వాళ్ళందరూ పడేవారు. పడటంలో వాళ్ళు ఎంత నేర్పరులో అప్పుడే తెలిసింది. ఒకసారి మా ఆయన పడటం మరచిపోయి అలాగే నిలబడ్డాడు. కోల్డ్ స్టోరేజీ మేనేజరు దగ్గాడు. మా ఆయన పడ్డాడు.

కాబట్టి సినిమాలో పడమంటే మా ఆయనకు బాధ లేదు. బాధల్లా దానికి ముందు వచ్చే ఘట్టం. అందులో గురువు ఛైర్మన్ గారే. మా ఆయన ఆయన ముందు చేయి చాచి మట్టి తీసుకోవాలి. వస్తాదు గారు కథలోనే లేరు.

"పడమంటే పడతా. అది నాకు కొత్తా?" అన్నాడు మా ఆయన, అన్నం కలపకుండా కంచం వైపు చూస్తూ. "ఆయన చేతి మట్టి మాత్రం ఎట్టా తీసుకోనే? తీసుకుంటే వస్తాదు గారు నాకేమవుతారు?"

"తీసుకోకపోతే?"

"కాటా పని పోద్ది."

ఇంతలో వస్తాదు గారే వచ్చారు. అప్పటికే ఆయనకు ఎవరో చెప్పారు. గుమ్మంలోనే నిలబడి, "తీసుకోరా అబ్బాయ్. సినిమాయేగా. నాకేం తరుగుద్ది?" అన్నారు. నేను గ్లాసుతో మజ్జిగ ఇచ్చాను. గ్లాసు గట్టు మీద పెట్టి, అటూ ఇటూ మాట్లాడి, వెళ్ళిపోయారు. మజ్జిగ ముట్టుకోలేదు. ఆ మనిషి మజ్జిగ వదిలేసి వెళ్ళడం నేనెన్నడూ చూడలేదు. ఏం తరిగిందో ఆ గ్లాసు చూసి మాకిద్దరికీ తెలిసింది.

ప్రార్థనకు కూర్చుంటే ఏమి అడగాలో తోచలేదు. ఉద్యోగం నిలబెట్టమంటే వస్తాదు గారికి అన్యాయం. వస్తాదు గారి మర్యాద నిలబెట్టమంటే మా పొయ్యికి అన్యాయం. చివరికి "అంతా నీకే తెలుసు తండ్రీ" అని లేచాను. ఆయనకు అంత స్వేచ్ఛ ఇస్తే ఏం చేస్తాడో రెండు రోజుల్లోనే చూశాను.

షూటింగు నాడు ముచ్చికలు తీసే ఆడవాళ్ళందరం హాలు గుమ్మం దగ్గర చేరాం. డైరెక్టరు గారు గోదా చూసి ముఖం చిట్లించారు.

"ఈ మట్టి డల్లుగా ఉందండీ. కెమెరాకి ఎర్రగా కొట్టాలి." అంటూ చుట్టూ చూసి, మూలనున్న కుప్ప దగ్గర ఆగిపోయారు. "అబ్బ! ఆ కలర్ చూడండి! అదీ గోదా అంటే!"

"బాబూ, అది కల్లం మట్టి," అన్నారు వస్తాదు గారు. "గింజలు, తాలుకాయల పొడి, అన్నీ దాంట్లోనే ఇంకినయ్యి. ఒంటికి తగిలితే..."

ఛైర్మన్ గారు నవ్వారు. "మిరపకాయల మీద బతికేవాణ్ణి, నాకే మిరపకాయ సంగతి చెబుతారా వస్తాదు గారూ? కాస్త పక్కకు జరగండి, ఫ్రేములో పడుతున్నారు."

ఆయన మాట అబద్ధం కాదు. కాకపోతే ఆయనకు మిరపకాయ ధరగా తెలుసు, మంటగా తెలియదు. వస్తాదు గారు పక్కకు జరిగి, బయటికి వెళ్ళారు. ఎర్రమట్టి గుంట నిండా పరిచారు. చూడటానికి నిజంగానే బాగుంది.

"అక్కా," అంది మా తోటికోడలు నా చెవిలో, "కళ్ళార్పకుండా చూడు."

ఛైర్మన్ గారు పట్టు లంగోటీతో వచ్చారు. ఆయనకు చెమట పట్టదు కాబట్టి ఒకమ్మాయి సీసాతో ఒళ్ళంతా నీళ్ళు చల్లి చెమట పట్టించింది. డైరెక్టరు చెప్పినట్టు ఆయన వంగి రెండు చేతులా మట్టి తీసి, ఛాతీకి రాసుకుని, నుదుటికి రాసుకుని, తొడలు చరిచారు. ఎదురుగా మా ఆయన తలవంచుకుని చేయి చాచి నిలబడ్డాడు. ఇక పిడికెడు మట్టి ఆ చేతిలో పడటమే తరువాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

మళ్ళీ తొడ చరిచిన చప్పుడు. మళ్ళీ. ఆగకుండా. కళ్ళు తెరిచి చూస్తే ఛైర్మన్ గారు గోదా అంతా గెంతుతున్నారు.

"సూపర్ సార్! ఆ ఎక్స్‌ప్రెషన్ అలాగే ఉంచండి!" అని అరిచారు డైరెక్టరు.

ఛైర్మన్ గారు ఆ చేతులతోనే కళ్ళు నలుపుకున్నారు.

"అయ్యో, కళ్ళు నలపమాకండయ్యా!" అని మా ఆడవాళ్ళు ఒక్క గొంతుగా కేక పెట్టారు. "ఒరేయ్, నీళ్ళు పొయ్యమాకండ్రా!" అనేలోపే మేనేజరు బకెట్టెడు కుమ్మరించాడు. నీళ్ళతో మంట పైనుంచి కిందికి పాకింది. ఎక్కడెక్కడికి పాకిందో నేను రాయను, ఆదివారం మందిరంలో ముఖాలు చూసుకోవాలి.

"మేం రోజూ చేసే పనేనయ్యా ఇది!" అంది మా తోటికోడలు ధైర్యం చెబుతున్నట్టు. "బట్టలేసుకుని చేస్తాం, అంతే తేడా!"

అప్పుడు వస్తాదు గారు మజ్జిగ కుండతో తిరిగి వచ్చారు. బయటికి వెళ్ళింది అందుకే. మమ్మల్ని తప్పించుకుని గోదా గట్టు మీద కూర్చుని, ఛైర్మన్ గారి తల ఒళ్ళో పెట్టుకుని, చీర పేలిక మజ్జిగలో తడిపి కళ్ళు తుడిచారు. "కళ్ళు మూసుకోండి. ఊపిరి బిగబట్టకండి, వదలండి. నేను చెప్పిందాకా లేవబాకండి."

"అట్టాగేనండీ," అన్నారు ఛైర్మన్ గారు. ఆ హాలులో ఆయన కుస్తీ పద్ధతిగా నేర్చుకున్నది ఆ ఒక్క పూటే.

మా ఆయన చాచిన చేయి ఇంకా దించలేదు. అలాగే నడిచి వచ్చి ఆ చేతిని వస్తాదు గారి ముందు పెట్టాడు.

"ఏరా, నీక్కూడా మంటా?"

"మట్టి కావాలండీ."

వస్తాదు గారు ఒక చేత్తో ఛైర్మన్ గారి తల పట్టుకునే వంగారు. గట్టు పక్కన, ఎర్రమట్టి పడని చోట, పాత మట్టి వేళ్ళతో గీరి పిడికెడు తీసి పోశారు. చేతికున్న మజ్జిగతో అది ముద్దయింది. మా ఆయన గుండెకు రాసుకున్నాడు.

ఛైర్మన్ గారి కళ్ళు మూసే ఉన్నాయి. మేనేజరు కళ్ళు తెరిచే ఉన్నాయి. సోమవారం కాటా దగ్గర వేరే మనిషి కూర్చున్నాడు.

అందుకూ దేవుడికి వందనాలు. మా ఆయన ఇప్పుడు మిర్చి యార్డులో బస్తాలు మోస్తున్నాడు. కూర్చుని పాడైపోయిన భుజాలు మళ్ళీ దారికి వచ్చాయి. గంపల్లో పోయిన మట్టి గంపల్లోనే పాత షెడ్డుకు తిరిగి వచ్చింది.

సినిమా ఆగలేదు. పొదిలి నుంచి ఎవరో పహిల్వాన్ని తెచ్చి, నది ఇసుకలో పడేయించారు. కళ్యాణమండపంలో భోజనాలు పెట్టి మరీ ఊరందరికీ చూపించారు. బిర్యానీ బాగుంది. చివర్లో, శిష్యుడు పోటీ గెలిచాడని తెలిసిన గురువు గారి ముఖం తెర నిండా వచ్చింది. ఎర్రబడ్డ కళ్ళు, ధారగా నీళ్ళు. "ఆనందబాష్పాలు" అని తెర వెనక గొంతు గంభీరంగా చెప్పింది. ఆ ముఖం ఏ రోజుదో వెనక వరసల్లో ఉన్న మాకందరికీ తెలుసు. తెర ఎడమ అంచున ఒక సన్నని చేయి, చీర పేలికతో, ఆ కన్నీళ్ళు తుడిచి పక్కకు తప్పుకుంది. కత్తిరించడం మరచిపోయారో, కుదరలేదో.

కుస్తీ వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళం చప్పట్లు కొట్టాం. మా తోటికోడలు ఈల వేసింది. ముందు వరసలో ఛైర్మన్ గారు లేచి, వెనక్కి తిరిగి, అందరికీ చేతులు జోడించారు.

నేను బడికి వెళ్ళలేదు. పొయ్యి దగ్గర బూడిదలో అక్షరాలు దిద్దించింది మా అమ్మ. ఆ అక్షరాలతో ఇది రాస్తున్నానని చెబితే వస్తాదు గారు, "నా పేరు పెట్టబాక తల్లీ, ఛైర్మన్ గారు నొచ్చుకుంటారు" అన్నారు. ఈసారి మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి మరీ అన్నారు. అందుకని పెట్టలేదు. ఆ సినిమా మీకు ఎక్కడైనా కనబడితే చివరిదాకా చూడండి. మధ్యలో ఉన్న ముఖాన్ని వదిలేయండి. ఎడమ అంచున వచ్చే ఆ చేతిని చూడండి. పేరు లేకపోయినా సరే, ఆ చేయి గల మనిషిని గుర్తుపెట్టుకోండి.