గుర్రం ఏమైంది?

ఉక్కునగరంలో మా పక్క క్వార్టర్ అత్త నా దగ్గర పుస్తకాలు పట్టుకెళ్లేది. టీనేజీ ప్రేమకథలు, మంత్రాల రాజ్యాలు, బొమ్మల నవలలు, ఏదిచ్చినా చదివేసేది. తిరిగిచ్చేటప్పుడు బాగుందో లేదో చెప్పేది కాదు. రచయిత మధ్యలో వదిలేసినవాళ్ల గురించి అడిగేది.

"ఆ పిల్ల ఇల్లొదిలి ఎలిపోనాది, సరే. తమ్ముడికి కూడెవులు పెట్టినారే?"

బొమ్మల నవల్లో ఒకే ఒక్క పేజీలో కనిపించిన ముసలమ్మ కోసం చివరిదాకా వెతికిందట. నేను ఆన్‌లైన్‌లో రాసే రివ్యూల్లో శైలి, పాత్రచిత్రణ అంటూ ఏవేవో ఉండేవి. ముసలమ్మ ఉండేది కాదు.

మామయ్య రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన రోజు, లారీలోకి సామాన్లు ఎక్కుతుంటే, చివరగా పట్టుకెళ్లిన మంత్రాల రాజ్యం నవల గేటు దగ్గర నా చేతిలో పెట్టింది.

"యుద్ధం బాగా రాసినాడు గానీ, ఆ యువరాజు గుర్రం ఏటైపోనాదే?"

"గుర్రం సంగతి ఎవరిక్కావాలత్తా!" అని నవ్వేశాను. తనూ నవ్వి, లారీ వైపు వెళ్లిపోయింది.

నిన్న ఆ క్వార్టర్లో కొత్తగా దిగినావిడ, అటక మీద దొరికిన ఇత్తడి చెంబు పట్టుకొచ్చి, "పాతోళ్లు ఏ ఊరెళ్లారమ్మా?" అని అడిగింది.

ఆ యువరాజు రాజధాని పేరు, దాని కోట ద్వారాల పేర్లు అడిగితే గడగడా చెప్పేద్దును. అత్త ఏ ఊరెళ్తోందో నేను అడగనేలేదు.