చీటీ కింద తారీఖు

శాలిబండలో నవాబుల నాటి దేవిడీ బంగళా ఒకటి, దాని కింద నేలమాళిగ ఉండేది. అందులో తొమ్మిదేళ్ళు నేను రబ్బరు గొట్టాలకు కాపలా ఉన్నాను. అవి విమానాలకు వేసే గొట్టాలు. మా సాబ్ పొలాల మీద మందు చల్లే చిన్న విమానాలకు సామాను అందించేవాడు. పెట్రోలు పారేవీ నూనె పారేవీ గొట్టాలన్నీ బొంబాయి నుంచి తెప్పించి ఆ చీకట్లో దాచేవాడు. రబ్బరుకు ఎండా వేడీ పడవు. అంత మందపు గోడలు కొత్త కట్టడాలకు ఎక్కడివి?

నేను ఆరో తరగతితో బడికి సలాం కొట్టినవాణ్ణి. అంతకుముందు ఉస్మాన్‌గంజ్‌లో ఒక ధాన్యం గోదాములో పనిచేశాను. బస్తాలు మోసిన వీపుకు రబ్బరు గొట్టం ఒక బరువా అనుకుంటూ వచ్చాను గానీ, వాటికి చేసే మర్యాదల ముందు కొత్త అల్లుళ్ళు దిగదుడుపే. మేకుకు తగిలించకూడదు. పొట్టివాటిని చాపినట్టే పడుకోబెట్టాలి, పొడుగువాటిని వెడల్పుగా చుట్టాలి. రెండు చివరలకూ మూతలు పెట్టాలి. ఒకదానికొకటి అంటుకోకుండా తెల్లటి పొడి చల్లాలి. మోటారు తిరిగే చోట గాలికి ఒక రకం వాసన పుడుతుందట, ఆ గాలి సోకితే రబ్బరు బీటలు వారుతుందట. అందుకని నాకు ఫ్యాను కూడా లేదు. వానాకాలపు ఉక్కలో అవి ఒంటినిండా పౌడరు పూసుకుని హాయిగా పడుకునేవి, నేను బనియను పిండుకునేవాణ్ణి.

ఎంత మర్యాద చేసినా ఐదేళ్ళే. ఆ తర్వాత చూడ్డానికి కొత్తదిలా నిగనిగలాడుతున్నా సరే, జానెడు జానెడు ముక్కలుగా కోసి పారేయాలి. కోయకుండా పారేస్తే ఎవడో ఏరుకుపోయి మళ్ళీ అమ్ముతాడని సాబ్ భయం.

వీధిలోవాళ్ళు ఊరికే తలుపు తోసి తొంగిచూసేవాళ్ళు, వెంట ఎండ లోపలికి వచ్చేది. దానికి నేనొక మందు కనిపెట్టాను. లోపల దయ్యముందని చెప్పి, ముఖానికి ఆ తెల్లపొడి పూసుకుని రెండుమూడు సార్లు మెట్లెక్కి పైకొచ్చాను. అంతే, తలుపు జోలికి ఎవరూ రాలేదు. ఎదురింటి ముసలమ్మ మాత్రం అమావాస్య అమావాస్యకు గడప మీద నిమ్మకాయలు పెట్టి పోయేది. వాటితో నేను షర్బత్ చేసుకుని తాగేవాణ్ణి.

గొట్టాలు తీసుకుపోయేందుకు ఒక మెకానిక్ స్కూటరు మీద వచ్చేవాడు. కోస్తా మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. వాళ్ళ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. గొట్టం ఎవరు బిగిస్తే వాళ్ళే మొదటి చుట్టు పైలట్ పక్కన కూర్చుని పైకి పోవాలి. తన పని మీద నమ్మకం లేనివాడు బిగించనే కూడదని దాని అర్థం.

"ఏమయ్యా దయ్యాల మేస్త్రీ, ఏది ఇస్తావు ఇవాళ?" అనేవాడు.

"పాతదే ఫస్టు అన్నా. ముసలోళ్ళను ముందు సాగనంపుడే మా కానూన్" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాలుక మీద ఆ తెల్లపొడి తగులుతుంది.

పనిలో పెట్టుకున్న రోజే సాబ్ ఒక మాట చెప్పాడు: తారీఖు రాసి పెట్టు, పాతది ముందు పంపు. అదేమంత కష్టం? ఉస్మాన్‌గంజ్‌లో బస్తా గోదాములోకి వచ్చిన రోజునే సుద్దముక్కతో దాని మీద రాసేవాళ్ళం, వయసు అక్కణ్ణుంచే. నేనూ గొట్టం దిగిన రోజు చీటీ మీద రాసి, నడుము చుట్టూ నీటుగా అంటించేవాణ్ణి. గొట్టం మీద ముందే ఏవో పసుపు రంగు అంకెలు ఉండేవి. కంపెనీవాళ్ళ సొద అనుకుని, అందంగా ఉంటుందని, చీటీని సరిగ్గా వాటి మీదే అంటించేవాణ్ణి. అడిగితే పోయేది. జోకులు చెప్పే నోటికి అడగడం నామోషీ.

నాలుగో ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, చెమ్మకు జిగురు వదిలి ఒక చీటీ నా చేతిలోకే ఊడివచ్చింది. కింద పసుపు అంకెలు. టార్చి వేసి చూశాను. ఒక అంకె, పక్కన సంవత్సరం: గొట్టం తయారైన తారీఖు. ఆ సంవత్సరానికి నేనింకా బస్తాలు మోస్తున్నాను. నా చీటీ ప్రకారం దాని వయసు రెండేళ్ళు. కంపెనీలో రబ్బరును వండి గొట్టం చేసిన రోజు నుంచి లెక్కేస్తే ఏడేళ్ళు. నా దగ్గరికి రాకముందే అది ఏ ఓడలోనో, ఏ బొంబాయి షెడ్డులోనో ఐదేళ్ళూ ముగించుకుని వచ్చింది.

ఒక్కొక్క చీటీ పీకాను. చాలావాటికి గడువుంది. ఆ ఏడేళ్ళ గొట్టంతో కలిసి దిగినవి మాత్రం అన్నీ చచ్చినవే. వాటిలో నాలుగు అప్పటికే షెడ్డుకు పోయాయి. చివరిది నిన్ననే మెకానిక్ పట్టుకుపోయాడు.

సాబ్ బొంబాయిలో ఉన్నాడు. మిగిలినవి కోసేసి, కొత్త చీటీలు అంటించి నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనతో మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో. ఇంతలో దేవిడీ మీదుగా ఒక విమానం పోయింది. ఏ విమానమో నాకేం తెలుసు? ఆ చప్పుడు సన్నబడి సన్నబడి పోయేదాకా ఊపిరి తీసుకోలేదు. తర్వాత మూలమీది ఇరానీ హోటలుకు పరుగెత్తి ఫోను పట్టుకున్నాను.

"అన్నా, నేనిచ్చిన గొట్టాలు నాలుగు పాతవి. తారీఖు తప్పు రాసిన."

నవ్వుతాడనుకున్నాను. అంతకుముందు ఇన్‌స్పెక్టరు గొంతుతో రెండుసార్లు ఫోను చేసి ఏడిపించినవాణ్ణి మరి.

"ఏవేవి?" అన్నాడు, అంతే.

మూడు షెడ్డులోనే ఉన్నాయి, విప్పేశాడు. అందులో ఒకటి బిగించి ఆ పొద్దున్నే పైకి పోయి వచ్చాడు. నాలుగోది, బారెడు పొడుగుది, పత్తి పొలాలకు మందు చల్లబోయిన విమానంలో ఉంది. షెడ్డువాళ్ళు అక్కడికి టెలిగ్రాం ఇచ్చారు. విమానం అప్పటికే వేరే తాలూకాకు పోయిందని జవాబొచ్చింది.

మర్నాడు మెకానిక్ ఆ మూడింటినీ తెచ్చాడు. దేవిడీ వాకిట్లో, ఎండలో, ఒకదాన్ని పిడికిలి చుట్టూ వంచాడు. చలికాలపు మడమలాగా సన్నటి పగుళ్ళు నోరు తెరిచాయి.

"నువ్వు నవ్వకుండా మాట్లాడటం నిన్ననే విన్నాను" అన్నాడు. గొట్టం నా చేతిలో పెట్టి, "నీ చీటీ చూసే బిగించానయ్యా" అన్నాడు.

కోపంగా అని ఉంటే బాగుండేది.

సాబ్ వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగం తీయలేదు, తన ఎదుటే పసుపు అంకెలు చూసి చీటీలన్నీ కొత్తగా రాయించాడు. మెకానిక్ వస్తూనే ఉన్నాడు. కానీ ఆ తర్వాత ఏ గొట్టమిచ్చినా మెట్ల మీది వెలుతురు దాకా మోసుకెళ్ళి, అంకెలు తనే చదివేవాడు. చదవాలి, అదే ధర్మం. చదువుతున్నంతసేపూ నేను గోడ వైపు చూసేవాణ్ణి. దయ్యాల మేస్త్రీ అని మళ్ళీ పిలవలేదు.

పత్తి కాలం అయిపోయాక ఆ విమానం క్షేమంగానే తిరిగి వచ్చింది. నాలుగో గొట్టం మాత్రం అందులో లేదు. దాని చోట వేరే గొట్టం ఉంది, మాది కాదు. దారిలో ఎవరు మార్చారు, గాలిలో కారితే మార్చారా, ఊరికే మార్చారా, పాతదాన్ని కోశారా, ఇంకెవరికైనా ఇచ్చారా? ఆ పైలట్ అప్పటికే పని మానేసి ఎటో పోయాడు. ఇంకెవరికీ తెలియదు.

ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళు పనిచేశాను గానీ, నేలమాళిగలో ఒంటరిగా ఉండటం నా వల్ల అయ్యేది కాదు. తెల్లగా వరసగా పడుకున్న గొట్టాలలో ఒక అర ఖాళీగా కనిపించేది. అది ఖాళీ కాదని, అక్కడ సామాను ఉందని తెలిసి కూడా తడిమి చూసేవాణ్ణి. విమానం చప్పుడు వినిపిస్తే చేతిలో ముద్ద చేతిలోనే. చప్పుడు సన్నబడి పోవాలి, తెగిపోకూడదు. ఒకరోజు వీధిలో అలా నిలబడిపోతే ఎదురింటి ముసలమ్మ చూసి, "లోపలున్నదాన్ని వెంట తెచ్చుకున్నవ్ బిడ్డా" అని నిమ్మకాయ దిగదుడిచి నాలుగు బాటల కూడలిలో పడేసి వచ్చింది. ఆ నిమ్మకాయను నేను ముట్టుకోలేదు.

ఉద్యోగం మానేసి గౌలిపురకు ఇల్లు మారాక, ఒక పొద్దున పాలకు పోతే పాలాయన నల్లాకు బారెడు నల్ల గొట్టం తగిలించి బర్రెలను కడుగుతున్నాడు. చెంబు కింద పెట్టి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాను. అంకెలు ఉండాల్సిన చోట అరిగిపోయి నున్నగా ఉంది. ఎక్కడిదంటే పాత సామాన్లోళ్ళ దగ్గర దొరికిందన్నాడు. అప్పటికప్పుడు పోయి కొత్త గొట్టం కొనిచ్చి, దాన్ని అడిగి తీసుకున్నాను. అక్కడే రాతి మీద పెట్టి కత్తితో కోయడం మొదలుపెట్టాను.

"మంచిగున్నదాన్ని కోస్తున్నవేందన్నా?" అన్నాడు పాలాయన.

"దీనికి తారీఖు లేదు భాయ్" అన్నాను.

మొదటి ముక్క తెగగానే తెలిసింది, అది మాది కాదని. మా గొట్టాలకు లోపల నూలు అల్లిక ఉంటుంది, దీనికి లేదు. అయినా చివరిదాకా, జానెడు జానెడు కోశాను.