కూలర్ ముందు గౌరి

ఇప్పటికీ ఎండలు ముదిరి, రాయపూర్ వీధుల్లో కూలర్లకు కొత్త గడ్డి వేసేవాళ్ళు తిరగడం మొదలుపెట్టగానే, ఆ తడి గడ్డి వాసనకు నేను ఉన్నచోటే ఆగిపోతాను. మోవాలో మా ఫ్లాటుకు ఏసీ వచ్చి చాలా ఏళ్ళయింది గానీ, నాకు వేసవి అంటే రైల్వే క్వార్టర్లో ముందుగది కిటికీకి బిగించిన ఇనుప కూలరే. నాన్న భన్‌పురి ఇనుప షెడ్లలో దగ్గరుండి చేయించుకొచ్చిన ఆ కూలర్ వేస్తే గోడమీది క్యాలెండర్ టపటపా కొట్టుకునేది, మాటలు వినబడేవి కావు, అంత గాలి కాలనీలో ఇంకెవరి కూలర్‌కూ లేదని ఆయన వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయేవాడు. మధ్యాహ్నాలు పిల్లలమంతా దాని ముందు చాప పరుచుకుని, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు తింటూ గచ్చకాయలాడేవాళ్ళం.

ఒక వేసవిలో శ్రీకాకుళం సముద్రపు ఒడ్డున మా అమ్మ పుట్టింటి ఊరిని తుఫాను ఊడ్చేసింది. ఇంటికప్పు లేచిపోతుంటే మా మేనమామ కూతురు గౌరి తల్లిని కరుచుకుని మంచం కింద పడుకుందట. నా ఈడు పిల్ల. ఇల్లు మళ్ళీ నిలబెట్టేదాకా ఉంచుకోమని మావయ్య దాన్ని మా ఇంటికి తెచ్చాడు.

"గాలంటే సాలు వణికిపోతంది చెల్లీ. భయం పోతే తీసుకెల్తాను, నేదంటే ఇక్కడే సదూకోనీ" అన్నాడు. గౌరి మాత్రం వాళ్ళమ్మ పేరు ఎత్తితే చాలు గుమ్మం వైపు చూసేది.

సముద్రమే లేని ఊళ్ళో భయమేమిటని మేమంతా ధీమాగా ఉన్నాం. చుట్టం పిల్ల చల్లగా ఉండాలని నాన్న ఎంతో ముచ్చటగా కూలర్ పూర్తిగా తిప్పాడు. ఆ హోరుకు గౌరి చెవులు మూసుకుని మంచం కిందికి దూరింది. నాన్న మొహం పాలిపోయింది. ఆ పూట నుంచి మా ఇంట్లో కూలర్ బంద్. రాయపూర్ నడివేసవిలో ఒళ్ళంతా చెమటకాయలతో విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నాం. ఆదివారం పూట వచ్చిన తెలుగువాళ్ళు గౌరిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తుఫాను కథ చెప్పమనేవారు. అమ్మ ఊరుకునేది కాదు.

"అది తనంతట సెప్తే ఇందాం. మనం అడక్కూడదు" అని వాళ్ళ చేతికి టీ గ్లాసు ఇచ్చేసేది.

తర్వాత ఒకరోజు అమ్మ స్విచ్చు కింద స్టూలు వేసింది. "ఇది నీదే గౌరమ్మా. నీకు బుద్ధయితే ఏసుకో, భయమేస్తే బంద్ చేసీ. ఎవుల్నీ అడగక్కర్నేదు" అంది.

గౌరి వేసేది, రెక్క తిరగకముందే ఆపేసేది. మళ్ళీ వేసేది. యార్డు డ్యూటీ నుంచి చొక్కా పిండితే నీళ్ళు కారేలా వచ్చిన నాన్న కూడా ఆ స్విచ్చు జోలికి పోలేదు. అంతటి మనిషి, తన ఇంట్లో తన కూలర్ కోసం చిన్నపిల్ల వైపు చూస్తూ కూర్చునేవాడు. తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది.

గౌరి కూలర్‌ను కాస్త ఎక్కువసేపు తిరగనిస్తున్న రోజుల్లో ఒకసారి నేను రెక్కల ముందు నోరు తెరిచి "ఆ" అన్నాను. గొంతు ముక్కలు ముక్కలై వచ్చింది. గౌరి మంచం దగ్గర్నుంచి తొంగిచూసింది. చివరికి తానే వచ్చి, జుట్టు ఎగిరిపోతుంటే, కూలర్‌లోకి అరిచింది.

"నా ఇల్లు ఎందుకు పీకేసినావే?"

ఆ మాట కూడా వణుకుతూ, ముక్కలై తిరిగొచ్చింది. గౌరికి మొదట ఏడుపు వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వానలు మొదలయ్యే ముందు దుమ్ముగాలి లేచినప్పుడు, గౌరి మాతో పాటే పరిగెత్తి తీగమీది బట్టలు తెచ్చింది. బడులు తెరిచే వేళకు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ క్వార్టర్లు కొట్టేశారు. చాపలూ, గచ్చకాయలూ, అందరం ఒకే గదిలో పడుకునే మధ్యాహ్నాలూ పోయాయి. మా పిల్లలు ఎవరి గది తలుపు వాళ్ళు వేసుకుంటారు. గౌరి ఇప్పుడు ఆ తీరంలోనే టీచరు. మొన్న మళ్ళీ తుఫాను వార్త విని, ఆదరాబాదరా ఫోన్ చేశాను. వెనకాల గాలి హోరు, దాని మీదుగా పిల్లల అరుపులు, నవ్వులు.

"ఊళ్ళో పిల్లలంతా బళ్ళో నా దగ్గరే ఉన్నారే. ఒకడు ఇంకా బల్లకిందే ఉన్నాడు, ఆడి పక్కన కూకోవాల. ఉంటాను" అని టక్కున పెట్టేసింది. నా ఫోను కట్ చేసిన మనిషిని చూసి అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.