రాయికి వెనకవైపు

ఆ రోజుల్లో, అంటే మా ఆయన పోయి, ఆళ్లగడ్డలోని రాళ్లు చెక్కే షెడ్డు నా నెత్తిన పడిన కొత్తలో, ప్రశ్నలడిగేవాళ్లు పని ఎగ్గొట్టేవాళ్లని నాకొక గట్టి నమ్మకం ఉండేది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అరవై దాటాక యజమానురాలినయ్యాను. గద్దిస్తేనే మాట చెల్లుతుందనుకున్నాను. అందుకే మొదటి వారంలోనే కట్టడి పెట్టాను: రాయి మీద అంటించిన కాగితంలో ఏముంటే అదే చెక్కాలి, నోరెత్తకూడదు. (అంతకుముందు ఒకాయన ఎవరి పేరునో తనకు నచ్చినట్టు దిద్ది, మంచి రాయి పాడుచేశాడు లెండి.)

నాకు వచ్చిన మొదటి పెద్ద పని కొత్తపల్లెది. ఊరివాళ్లు తామే మట్టి మోసి కట్టుకున్న గ్రంథాలయం ముందు, మోసినవాళ్లందరి పేర్లతో నల్లరాయి నిలబెట్టాలి. నాలుగు రోజుల్లో తెరవడం. ఈ రాయి చెడితే అంతటిది మళ్లీ దొరకదు, పోయిన నా పరువూ దొరకదు. పేర్లు నంద్యాలలో టైపు చేయించి పెన్‌డ్రైవులో పంపారు. ఇంజనీరింగు చదివే నా మనవరాలు, ఆ ఫైలు చదివి పేర్లను రాయి వెడల్పుకు సర్ది కాగితం మీద అచ్చేసే ప్రోగ్రాము రాసింది. అది మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

“ఫైలు యా ఎన్‌కోడింగులో దాచినారో తెలీదవ్వా. నంద్యాలకు ఫోన్ చేసి అడుగుతా.”

“అడిగేదేముంది? ఆగకుండా పొమ్మను దాన్ని.”

“తప్పొచ్చినా?”

“ఏందే నీ ప్రశ్నలు! పొమ్మను.”

పిల్ల మూతి ముడుచుకుని, తప్పు కనబడినా ఆగొద్దని ప్రోగ్రాములో ఒక మాట చేర్చి, అన్నానికి లేచిపోయింది. ప్రోగ్రాము నోరు మూసుకుని పరుగెత్తింది. నేను కళ్లద్దాలు వెతకడం దండగనుకుని, వచ్చిన కాగితాన్ని చుట్టచుట్టి మా పాత పనివాడు పెద్దన్న చేతికిచ్చాను.

సాయంత్రానికి నాలుగు వరుసలు చెక్కేశాడు. సున్నాలు, ప్రశ్న గుర్తులు, బాణం ములుకులు, మధ్యమధ్య ఖాళీ గళ్లు. (ఒక్క గడీ వంకర లేదు.)

“ఏందన్నా ఇది? ఇవి పేర్లా?”

“నాకూ అనుమానమొచ్చిందమ్మా.”

“అడగాల గదా!”

“అడగొద్దంటివి గదమ్మా,” అన్నాడు, ఉలి తుడుచుకుంటూ.

మనవరాలు తల పట్టుకుంది. ఫైలులో ఉండేవి అంకెలేనట, ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టీ, అదే ఎన్‌కోడింగు, తప్పిందట. నాకు ఎక్కలేదు. పెద్దన్నకు ఎక్కింది. “మన షెడ్డులో ఎర్రగీత అంటే ఆడ కొట్టెయ్యమని. పక్క షెడ్డులో ముట్టుకోవద్దని. వాళ్లు గీసిన రాయిని మన లెక్కన కొడితే ఏమైతాది?”

“అంతే తాతా!” అని పిల్ల నంద్యాలకు ఫోన్ చేసింది. రెండు నిమిషాల మాట. ఆ ఎన్‌కోడింగు పేరొక్కటి ప్రోగ్రాములో రాయగానే పేర్లన్నీ తెలుగులో బయటికొచ్చాయి.

రాయి పారేయడానికి నాకు ప్రాణమొప్పుతుందా? తిరగేసి, వెనకవైపు నునుపు పట్టించాం. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివాకే ఉలి పెట్టనిచ్చాను. అనుకున్న రోజుకు రాయి నిలబడింది.

మొన్న కొత్తపల్లెకు పోతే, ఒక చిన్నపిల్ల ఆ రాయి వెనక నిలబడి గళ్ల మీద వేలు పెట్టి తడుముతూ ఉంది.

“ఇది యా రాజుల కాలందవ్వా?”

“ఒక మొండి రాణి కాలంది.”

“ఏం రాసినారు?”

“ఎవరూ ప్రశ్నలడగొద్దని.”

ఆ పిల్ల ఇంకో పది అడిగింది. బస్సు పోయినా సరేనని, నిలబడి అన్నిటికీ చెప్పాను.