పండు ఈగ మీసం, అప్పలసూరి మీసం

భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచీ అప్పలసూరి మామిడికాయలకి నేల మీద చూపు ఆనడం మానేసింది. అయితే విమానమెక్కే కాయలో పురుగుండకూడదు. కాయలో గుడ్లు పెట్టి పురుగు చేసేది పండు ఈగ. దాని అంతు తేల్చడానికి ఆయన రైతు శిక్షణకి వెళ్లాడు; భోజనం బాగుండడంతో రెండో రోజూ వెళ్లి, పండితుడై తిరిగొచ్చాడు.

ఇక పరామర్శకి వెళ్లినా అదే పాఠం. "ఈగకి ముక్కుండదు బావా, మీసాలే ముక్కు. మీసాల మీద నూగు, నూగుకి సిల్లులు. వాసన రేణువు అందులోంచి దూరి, తాళంలో తాళంసెవిలాగ పడతాది. పడిందా, మగ ఈగకి మరి మతుండదు!"

చెబుతూ తన మీసం దువ్వుకునేవాడు. మన వైపు మీసం దువ్వని పెద్దమనిషి ఎక్కడున్నాడు గనక? దువ్వడం తప్ప దానితో మరో పనుందని ఈగని చూసే తెలుసుకోవాలి.

మగ ఈగల్ని రప్పించే మందు నానబెట్టిన చెక్కబిళ్లలు డబ్బాల్లో పెట్టి, తోటంతా వేలాడదీయమన్నారు. అప్పలసూరి అన్నీ రోడ్డు వైపు గేటుకే తోరణం కట్టాడు. శాస్త్రం నలుగురికీ కనబడాలి కదా! మిగిలిన బిళ్ల ఎవరైనా ఎత్తుకుపోతారని రొంటిన దోపుకున్నాడు.

"సెట్లకి కట్టు మావా. గేటుకి కాయలు కాస్తాయేటి?" అంది భార్య తాయారు.

"నీకేటి తెలుసునే!"

ఎగుమతిదారుల తరఫున కృపారాణి కాయలు చూడడానికొచ్చింది. ఆమె సరేనంటే విమానం, కాదంటే తాండ్ర చాప.

"మా తోటలో ఈగన్నదే లేదు మేడమ్," అన్నాడు అప్పలసూరి.

ఒకటొచ్చి పంచె మీద వాలింది. వెనక నాలుగు. విదిలిస్తే లేచి, అలిగిన అల్లుళ్లలా మళ్లీ అక్కడే కూర్చున్నాయి. చూస్తుండగా ఆయన నడుముకి కదిలే వడ్డాణం అమరింది.

"మరివేటండీ?"

"పక్క గంగులు తోటవండి. మర్యాద తెలీనివి."

ఆమె రెండు కాయలు కోసింది. రెండోదాంట్లో పురుగు హాయిగా ముడుచుకునుంది. "ఈ యేడాదికొద్దండి," అని బండెక్కింది.

తాయారు మొగుడి రొంటిలోంచి బిళ్ల లాగి గేటవతలకి విసిరింది. వడ్డాణం లేచి దాని వెనకే పోయింది.

"నాలుగు దినాల్నుంచి లవంగాల వాసనొస్తన్నావు. ముసిలోడికి సోకెక్కువైనాదనుకున్నాను."

అప్పలసూరి మీసం వైపు వెళ్లిన వేళ్లని ముక్కు దగ్గర ఆపి వాసన చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు.

"తాండ్ర సాపలు దించు," అన్నాడు.