మంద లేచాక నొక్కే బటన్

ఒకసారి కోడ్ రాస్తే చాలు, సర్వర్‌లోనూ నడవాలి, ఏ ఫోన్లోనైనా నడవాలి. అలాంటి ఫ్రేమ్‌వర్క్ ఒకటి ప్రొద్దుటూరులో బట్టల కొట్టు మీది అద్దె గదిలో కూర్చుని మూడేళ్లు రాశాను. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, పైసా ఇవ్వక్కర్లేదని ఒక ఉదయం దాన్ని ఇంటర్నెట్లో అందరికీ తెరిచిపెట్టాను. ఆ సంబరం పట్టుమని నాలుగు గంటలు నిలవలేదు.

మధ్యాహ్నం ముక్కూమొహం తెలియని మనిషెవరో రాశాడు, కోడ్‌తో పాటు పెట్టిన నమూనా ఫైల్లో ఉన్న చోట్లు నిజమైనవిలా ఉన్నాయి, ఒకసారి చూసుకోమని. చూసుకున్నాను. నిజమైనవే.

ఆ ఫ్రేమ్‌వర్క్‌తో నేను మొదట చేసింది గొర్రెల కాపరుల యాప్. మంద ఏ చేలో దిగిందో కాపరి బటన్ నొక్కితే పశువుల డాక్టరుకు తెలుస్తుంది. మొదట వాడింది పులివెందుల వైపు నుంచి మందను తోలుకొచ్చే ఒక మామ. చుట్టరికం లేదు, పిలుపే. ఉత్తుత్తి చోట్లు కల్పించడానికి బద్ధకించి ఆయన మంద దిగిన చోట్లే పరీక్షకు ఆ ఫైల్లో పెట్టుకున్నాను. ఆ ఉదయం చోటు దాకా అన్నీ అందులో ఉన్నాయి.

వెంటనే ఆ ఫైలు తీసేశాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు! అప్పటికే ఎవరెవరో కాపీలు తీసుకున్నారు. అంతకు ముందు నెలే వీరపునాయునిపల్లె దగ్గర గొర్రెల్ని ఆటోలో ఎత్తుకుపోయారని విన్నాను. మామకు ఫోన్ చేస్తే కలవలేదు. ఆయన బతుకంతా ఆ మందే.

బండి తీసి జమ్మలమడుగు వైపు పోయాను. యాప్ చూపిన చేలో మంద లేదు. గొర్రె పిల్లల్ని ఉంచే వల లేదు. గుంజలు పీకిన గుంతలు, పచ్చి పెంటికలు. గట్టు దాటి పరిగెత్తాను. పక్క చేను రైతు మాత్రం తాపీగా, "పొద్దున్నే లేచినారప్పా. యాడికో చెప్పలేదు" అన్నాడు.

పెంటికల జాడ పట్టుకుని ఎర్రగుంట్ల దారి దాకా పోతే, కంప చెట్ల అవతల మామ వల కడుతూ కనిపించాడు.

"మామా, మంద ఉండాదా?"

"ఏందప్పా, అట్ల ఉరికొస్తాండావు? ఉండాది, చూడు."

జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన గుంజను రాయితో కొడుతూనే విన్నాడు.

"నిన్నటి చోటు తెలిసింటాది, తెలవనీ. నేను మంద లేచినాకే నొక్కుతా. దిగినప్పుడు నొక్కను. దిగే చోటు ఎవురికీ చెప్పగూడదని మా నాయన చెప్పినాడు. డాక్టరుకైతే నోటితో చెప్పుకుంటా."

రెండేళ్లుగా నా యాప్ చూపిస్తున్నవి ఖాళీ చేలన్నమాట. అక్కడే నేల మీద కూలబడ్డాను. గండం గడిచిందన్న సంతోషం ఒకపక్క, పౌరుషం ఒకపక్క.

"నన్ను గూడా నమ్మలేదా మామా?"

"నువ్వు శానా మంచోడివప్పా," అన్నాడు నవ్వకుండా. "అయినా చూడు, తీసకపోయి యాడ పెట్టినావో."

లేచి గుంజ పట్టుకున్నాను, ఆయన తాడు బిగించాడు. రేపు మంద ఎటు పోతుందని అడగబోయి నోరు మూసుకున్నాను.