గంగమ్మకు ఒకటో తారీఖు తెలియదు

మా పాత మేనేజరు గారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను పలాసలో బ్యాంకు కౌంటరు దగ్గర ఉన్నాను. చేతిలోని ముద్రను తప్పు చోట వేశాను. ఉద్దానంలో ఎందరినో తీసుకుపోయిన ఆ కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది.

అప్పు అడగడానికి ఎవరొచ్చినా ఆయన ముందు టీ ఇప్పించేవారు, కాగితాలు తర్వాత. "టీ తాగినప్పుడు మనిసి అబద్ధమాడలేడు" అనేవారు. నాకా నమ్మకం కుదరలేదు గానీ టీ మాత్రం నేనూ తాగేవాణ్ణి.

తీరంలో ఒక ఊరి జాలర్లకు ఇంజను పడవల కోసం ఆయన అప్పులిచ్చారు. అంతలో పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. అందరికీ నెలనెలా ఒకటే వాయిదా, తప్పితే మొండి బాకీ. జీతగాళ్లకు కుట్టిన చొక్కా జాలర్లకు తొడిగారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో ప్రభుత్వం వేట ఆపిస్తుంది. అప్పుడు వాళ్లకు రూపాయి ఎక్కడిది? పడవలన్నీ మొండి బాకీల్లోకి వెళ్లాయి.

"టెక్కలి మాస్టారికి ఒకటో తారీకు జీతమొస్తాది. సంద్రంలో గంగమ్మకి ఒకటో తారీకు తెల్దు. అప్పు సెడ్డది కాదు, మనం పెట్టిన వాయిదా సెడ్డది" అని నా దగ్గర గొణిగేవారు. అదే మాట మర్యాదగా పైకి రాస్తే, జవాబుగా వసూలు అధికారి వచ్చాడు.

వేట మళ్లీ మొదలయ్యే రోజే వచ్చాడు. పడవలకు పసుపు రాసి, కొబ్బరికాయలు కొట్టి జనం సిద్ధంగా ఉన్నారు. ఇంజన్లు విప్పించమన్నాడు. కుర్రాళ్లు తెడ్లు అందుకున్నారు. నేను మేనేజరు గారి పక్కకు జరిగాను.

ఒక ముసలామె మేనేజరు గారి ముందుకొచ్చింది. "బాబూ, ఇంజను పట్టుకెలిపోతే మీ అప్పు దేంతో తీర్సాల? ఏటి సేత్తన్నారో మీకైనా తెలుత్తందా?"

ఆయన వెళ్లి మొదటి పడవ ఇంజనుకు అడ్డంగా నిలబడ్డారు. "సార్, వీళ్లని వెళ్లనివ్వండి. సాయంత్రానికి వాయిదా కట్టకపోతే బాకీ నా మీద రాసుకోండి."

"రాసివ్వండి" అన్నాడు అధికారి. అక్కడే రాసిచ్చారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల చదువులింకా మిగిలే ఉన్నాయి.

పొద్దు వాలినా ఒక్క పడవా కనిపించలేదు. మేనేజరు గారు ఇసుక గుప్పిట్లోకి తీసుకోవడం, వదలడం, అంతే. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఎవడు రాయమన్నాడని. అధికారి జీపెక్కి స్టార్టు చేయించాడు. అప్పుడు అలల మీద మొదటి పడవ లేచింది, వెనకే మిగతావి. ఒడ్డునే చేపలు అమ్మి, తడి నోట్లు జీపు ముందు భాగం మీద పరిచారు. అప్పు తీరలేదు, వాయిదా తీరింది. అధికారి ఆ కాగితం తిరిగిచ్చేశాడు. తర్వాత వేటను బట్టి వాయిదాలు మార్చారు, ఆ ఊళ్లో మళ్లీ మొండి బాకీ మాట వినలేదు.

ఆయన్ని సాగనంపడానికి వెళ్తూ ఆ రేవు దగ్గర ఆగాను. చేపలు బాగా పడే రోజులు. ముసలామె కొడుకు ఇసుకలో కూర్చుని ఉన్నాడు.

"ఏటకెల్లలేదా?" అన్నాను.

"మా మేనేజరు బాబు పోతే ఎలాగెల్తాం, సారూ?"

ఆయనుంటే తిట్టేవారు, వాయిదా ఉంది పొండిరా అని. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఇంజన్లకు గోనెలు కప్పి.